టీమ్ వెళ్ళిపోయినా పేరు ఊళ్ళోనే ఉండాలి

1995 నవంబర్ 7న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్ ఉన్న కయహోగా కౌంటీలో ఓటింగు జరిగింది. మందు మీద, సిగరెట్ల మీద ఉన్న పన్నును ఇంకో పదేళ్ళు పొడిగించి, ఆ డబ్బుతో ఊళ్ళోని అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియాన్ని బాగుచేయించాలా వద్దా అన్నది ప్రశ్న. నూటికి డెబ్బై మందికి పైగా బాగుచేయించమనే ఓటేశారు. సరిగ్గా ముందు రోజే టీమ్ ఓనర్ ఆర్ట్ మోడెల్ బాల్టిమోర్‌లో వేదికెక్కి, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ని అక్కడికి తెచ్చేస్తున్నానని ప్రకటించాడు. టీమ్ పోతోందని తెలిశాక కూడా జనం వెళ్ళి ఆ పన్ను కట్టడానికి ఒప్పుకున్నారు.

అమెరికా క్రీడల చరిత్రలో నన్ను ఇంతగా కదిలించిన సంగతి ఇంకొకటి లేదు. నేను ఈ ఊరి పక్కనే ఉంటాను. మన సంగీతాభిమానులకి క్లీవ్‌లాండ్ అంటే 1978 నుంచి ఏటా జరుగుతున్న త్యాగరాజ ఆరాధన. ఆ ఉత్సవం జరిగే యూనివర్సిటీ నుంచి ఎరీ సరస్సు వైపు కాస్త నడిస్తే బ్రౌన్స్ స్టేడియం వస్తుంది. కచేరీలకి వచ్చే మనవాళ్ళలో ఎక్కువమంది అటు చూడరు, ఆట అర్థం కాదని. ఆట తెలియకపోయినా ఈ కథ తెలుసుకోవచ్చు. ఎందుకంటే దీనిలో అసలు తగువు ఆట గురించి కాదు, ఊరికీ టీమ్‌కీ మధ్య ఏది ఎవరిదన్న దాని గురించి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. టీమ్‌ని కొనొచ్చు, అమ్మొచ్చు, ఇంకో ఊరికి తరలించొచ్చు. కానీ పేరు, రంగులు, గెలిచిన కప్పులు, రికార్డులు మాత్రం ఆ టీమ్‌ని పెంచిన ఊరికే చెందాలి. ఇది ఒక్కో ఊరు కోర్టుకెళ్ళి సాధించుకోవాల్సిన విషయంగా ఉండకూడదు. లీగే రూలుగా రాసిపెట్టాలి. అలా చేయడం సాధ్యమేనని క్లీవ్‌లాండ్ 1996లోనే చూపించింది.

ఈ ఊరికి టీమ్ పోవడం అదే మొదటిసారి కాదు. 1945లో, అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఛాంపియన్ క్లీవ్‌లాండ్ రామ్స్. ఆ డిసెంబర్‌లో ఎముకలు కొరికే చలిలో వాషింగ్టన్ మీద 15-14తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచారు. నెల తిరక్కుండానే ఓనర్ డాన్ రీవ్స్ ఛాంపియన్ టీమ్‌ని లాస్ ఏంజెలెస్‌కి పట్టుకుపోయాడు.

అదే 1946లో, ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోటీగా పుట్టిన ఇంకో లీగ్‌లో బ్రౌన్స్ ఆడటం మొదలుపెట్టారు. డబ్బు పెట్టింది మికీ మెక్‌బ్రైడ్ అనే టాక్సీల వ్యాపారి. టీమ్‌ని తయారుచేసింది పాల్ బ్రౌన్. ఒహాయోలోనే మాసిలన్ అనే చిన్న ఊళ్ళో స్కూలు పిల్లలకి ఆట నేర్పి పేరు తెచ్చుకున్న కోచ్. ఆటగాళ్ళని క్లాసుల్లో కూర్చోబెట్టి, నోట్సు రాయించి, పరీక్షలు పెట్టేవాడు. మ్యాచ్ ఫిల్ములు తెప్పించి ఒక్కో కదలికకీ మార్కులు వేసేవాడు. ఈ రోజు ప్రతి టీమ్ చేసే పనుల్లో సగం ఆయన మొదలుపెట్టినవే.

పాల్ బ్రౌన్ చేసిన ఇంకో పని ఆట కన్నా పెద్దది. అప్పటికి పన్నెండేళ్ళుగా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నల్లజాతి ఆటగాడు ఒక్కడు కూడా లేడు. రాసిపెట్టిన రూలేమీ లేదు, ఓనర్లంతా లోపాయికారీగా అలా నడిపించుకొచ్చారు. 1946లో ఆయన మారియన్ మాట్లీని, బిల్ విల్లిస్‌ని టీమ్‌లోకి తీసుకున్నాడు. బేస్‌బాల్‌లో ఇలాంటి అడ్డుగోడనే బద్దలుకొట్టిన జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టడానికి ఇంకా ఏడాది ఉంది. ఆ సీజన్లో మయామీలో మ్యాచ్ ఉంటే, అక్కడి జాతి వివక్ష చట్టాల వల్లా బెదిరింపుల వల్లా వాళ్ళిద్దరూ వెళ్ళలేకపోయారు. తర్వాత ఇద్దరూ, మేటి ఆటగాళ్ళకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కారు. వాళ్ళు అడుగుపెట్టిన సరస్సు ఒడ్డు స్టేడియంలో గ్యాలరీలు నింపింది స్టీలు మిల్లుల్లో, కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసే జనం. ఆ చరిత్రలో వాళ్ళకీ వాటా ఉంది.

ఆ లీగ్ నాలుగేళ్ళు నడిస్తే నాలుగేళ్ళూ కప్పు బ్రౌన్స్‌దే. 1950లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వచ్చారు. చిన్న లీగ్ నుంచి వచ్చినవాళ్ళ సత్తా ఏపాటిదో చూద్దామని మొదటి మ్యాచ్‌ని ఛాంపియన్ ఫిలడెల్ఫియాతో పెడితే, వాళ్ళ ఊళ్ళోనే 35-10తో కొట్టి వచ్చారు. ఆ ఏడాది ఫైనల్ ఎవరి మీద గెలిచారంటే, దాదాపు ఐదేళ్ళ క్రితం ఈ ఊరిని వదిలేసి పోయిన రామ్స్ మీద. 30-28. చివరి అర నిమిషంలో లూ గ్రోజా కిక్కుతో. ఆ ఒక్క సాయంత్రం కోసం టైమ్ మెషీన్ ఎక్కాలనిపిస్తుంది నాకు. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడు, ఆటో గ్రాహం పది సీజన్లు ఆడితే పదిసార్లూ ఫైనల్ చేరాడు, ఏడుసార్లు గెలిచాడు. ఆ తర్వాత తొమ్మిది సీజన్లు జిమ్ బ్రౌన్, బంతి పట్టుకుని 12,312 గజాల పరుగు. 1964లో బాల్టిమోర్ మీద 27-0తో మళ్ళీ కప్పు.

అదే ఆఖరు. ఆ తర్వాత బ్రౌన్స్ ఇప్పటిదాకా ఒక్క సూపర్ బౌల్ (ఇప్పటి లీగ్ ఫైనల్) కూడా ఆడలేదు. ఊరి పరిస్థితీ దిగజారింది. 1950లో 9,14,808 మంది ఉన్న నగరంలో 2020 లెక్కల నాటికి మిగిలింది 3,72,624. 1969లో నూనె తెట్టు కట్టిన కయహోగా నది మీద మంటలు లేచాయి. 1978లో నగరపాలక సంస్థ బ్యాంకుల అప్పు తీర్చలేక చేతులెత్తేసింది. ఇన్ని జరుగుతున్నా ఆదివారం స్టేడియం మాత్రం నిండేది. 1931లో ప్రజల డబ్బుతో కట్టిన ఆ పాత స్టేడియంలో ఎనభై వేలమంది దాకా పట్టేవాళ్ళు. ఎటు కూర్చున్నా ఏదో ఒక స్తంభం అడ్డొచ్చేది. సరస్సు మీంచి వచ్చే గాలికి చెవులు మొద్దుబారేవి. ఎనభైల్లో ఒక చివర గ్యాలరీకి డాగ్ పౌండ్ అని పేరొచ్చింది. కుక్క మాస్కులు పెట్టుకుని, కుక్క బిస్కెట్లు విసురుతూ మొరిగే జనం అక్కడ కూర్చునేవాళ్ళు.

మోడెల్‌ని రాక్షసుణ్ణి చేసేస్తే సులువుగా ఉంటుంది. ఈ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా అదే జరుగుతోంది. నాకది సరైనదనిపించదు. 1961లో టీమ్‌ని కొన్నాడు. 1973లో, పడిపోతున్న స్టేడియాన్ని ఏడాదికి ఒక డాలర్ లీజుకి తీసుకుని మరమ్మతులన్నీ నెత్తిన వేసుకున్నాడు. అందులోనే అద్దెకుండే బేస్‌బాల్ టీమ్ 1994లో కొత్త స్టేడియానికి వెళ్ళిపోవడంతో ఆ ఆదాయం పోయింది. అదే ఏడాది బాస్కెట్‌బాల్ టీమ్‌కి కొత్త భవనం, మరుసటేడాది సరస్సు ఒడ్డునే రాక్ సంగీతం మ్యూజియం. ఆయనకి మాత్రం అప్పులు పెరుగుతున్నాయి. మేరీలాండ్ ప్రభుత్వం అద్దె లేకుండా కొత్త స్టేడియం కట్టిస్తానంది. వ్యాపారిగా ఆయన లెక్క నాకు అర్థమవుతుంది. అర్థం కానిది, పేరు కూడా తనదేనని ఆయన అనుకోవడం. ఆయన కొన్ననాటికే ఆ టీమ్ ఏడు కప్పులు గెలిచి ఉంది. మాట్లీ, గ్రాహం ఆడటం మానేసి ఏళ్ళయింది. తను పుట్టించని చరిత్రని తనతో తీసుకుపోయే హక్కు ఎక్కడిది?

1995 డిసెంబర్ 17న సిన్సినాటితో ఆఖరి హోమ్ మ్యాచ్. బ్రౌన్స్ 26-10తో గెలిచారు. ఆ రోజు జనం రంపాలూ రెంచీలూ తెచ్చుకున్నారు. ఆట జరుగుతుండగానే సీట్లు ఊడబెరికే చప్పుడు. డాగ్ పౌండ్ వైపు నుంచి బెంచీల ముక్కలు మైదానంలోకి వచ్చి పడుతుంటే, చివరికి రిఫరీలు ఆటని ఇంకో చివరకి మార్చాల్సివచ్చింది. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళు లోపలికి వెళ్ళకుండా నేరుగా గ్యాలరీ గోడ దగ్గరకొచ్చి జనాన్ని వాటేసుకున్నారు. అందరికన్నా ఎక్కువసేపు తిరిగినవాళ్ళలో ఎర్నెస్ట్ బైనర్ ఒకడు. 1988 జనవరిలో సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు దూరంలో, గోల్ గీత దగ్గర బంతి జారవిడిచింది ఇతనే. ఆ ఓటమిని ఈ ఊరు ఇప్పటికీ ‘ద ఫంబుల్’ అంటుంది. అంత బాధపెట్టిన ఆటగాణ్ణి ఆ జనమే ఆ రోజు గుండెకి హత్తుకున్నారు.

మా వీధిలో ఒక పెద్దాయన గరాజ్‌లో ఆ రోజు ఊడదీసిన చెక్క సీటు పలక ఉంది. నారింజ రంగు పొరలు పొరలుగా లేచిపోయింది, రెండు చివరలా బోల్టు కన్నాల చుట్టూ తుప్పు మరకలు. దాన్ని గోడకి తగిలించలేదు, రంగు వేయించలేదు. పనిముట్ల బల్ల కింద దుప్పట్లో చుట్టి పెట్టుకున్నాడు. తండ్రి పక్కన కూర్చుని ఆట చూసింది ఆ వరసలోనేనట. బ్రౌన్స్ లేని మూడేళ్ళూ ఇంట్లో ఫుట్‌బాల్ పెట్టనివ్వలేదని ఆయన భార్య చెప్పింది.

జనం ఏడుస్తూ కూర్చోలేదు. లీగ్ ఆఫీసుకి ఫాక్సుల మీద ఫాక్సులు పంపారు, సంతకాలు సేకరించారు. మేయర్ మైకేల్ వైట్ లీజు ఉల్లంఘన అంటూ కోర్టుకెళ్ళి, దేశమంతా తిరిగి ఊరి పక్షాన మాట్లాడాడు. 1996 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. మోడెల్ ఆటగాళ్ళనీ సిబ్బందినీ తీసుకుని వెళ్ళొచ్చు. బ్రౌన్స్ పేరు, గోధుమ-నారింజ రంగులు, 1946 నుంచి ఉన్న రికార్డులు, కప్పులు అన్నీ క్లీవ్‌లాండ్‌లోనే ఉంటాయి. 1999 కల్లా ఊరికి మళ్ళీ టీమ్ ఇస్తామని లీగ్ మాటిచ్చింది. బాల్టిమోర్‌కి వెళ్ళిన టీమ్ కాగితాల మీద కొత్త టీమ్ అయింది, రేవెన్స్ అని పేరు పెట్టుకుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అంతకుముందు ఏ ఊరూ ఇంత సాధించలేదు.

దీన్ని వెక్కిరించేవాళ్ళు చాలామందే ఉన్నారు. 1999లో వచ్చిన టీమ్‌లో పాత ఆటగాళ్ళు లేరు, కోచ్ లేడు, ఒట్టి చొక్కా రంగు ఒక్కటే పాతది, దానికి జిమ్ బ్రౌన్ రికార్డులు అంటగట్టడం కట్టుకథ అంటారు. పైగా వెళ్ళిపోయిన టీమ్ 2001 జనవరిలోనే సూపర్ బౌల్ గెలిచింది. క్లీవ్‌లాండ్‌కి దక్కిన టీమ్ 2017లో పదహారు మ్యాచ్‌లాడి పదహారూ ఓడింది. పేరుని ఏం చేసుకుంటారు, టీమ్‌నే నిలబెట్టుకోవాల్సింది అంటారు.

ఈ వాదన నాకు ఒప్పుదల కాదు. ఏ టీమ్‌లోనైనా పదిహేనేళ్ళలో ఆటగాళ్ళంతా మారిపోతారు. కోచ్‌లు మారతారు, ఓనర్లు మారతారు, స్టేడియం కూల్చి ఇంకోటి కడతారు. ఇవన్నీ మారినా అదే టీమ్ అని మనం అంటున్నామంటే, మారకుండా ఉన్నవాళ్ళు చూసేవాళ్ళే. తాత చూశాడు, తండ్రి చూశాడు, ఇప్పుడు కూతురు చూస్తోంది. జిమ్ బ్రౌన్ ఆ గజాలు పరుగెత్తింది వాళ్ళ కళ్ళముందు. ఓటముల సంగతంటారా, పదహారూ ఓడిన ఆ సీజన్ అయ్యాక 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో వేలమంది స్టేడియం చుట్టూ ఊరేగింపు తీశారు. ఆ కోపం చూపించే చనువు సొంతవాళ్ళకే ఉంటుంది.

పేరు దక్కని ఊళ్ళ పరిస్థితి చూస్తే దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మన తెలుగువాళ్ళు ఎంతోమంది ఉన్న హ్యూస్టన్‌నే తీసుకోండి. ఆయిలర్స్ టీమ్ 1997లో టెనసీకి వెళ్ళిపోయింది. 1999లో టైటన్స్ అని పేరు మార్చుకుంది కానీ, ఆయిలర్స్ పేరునీ చరిత్రనీ ఓనర్ తన దగ్గరే ఉంచుకున్నాడు. 2023 డిసెంబర్‌లో టైటన్స్ ఆ పాత లేత నీలం ఆయిలర్స్ దుస్తులు తొడుక్కుని, హ్యూస్టన్‌లోని కొత్త టీమ్ టెక్సన్స్ మీదే ఆడారు. అదే ఏడాది హ్యూస్టన్ యూనివర్సిటీ విద్యార్థుల టీమ్ ఆ రంగులని తలపించే దుస్తులు వేసుకుంటే, ఎన్‌ఎఫ్‌ఎల్ లాయర్ల నుంచి నోటీసు వచ్చింది. తమ ఊళ్ళో పుట్టిన రంగులని తమ ఊళ్ళోనే వేసుకోవడానికి వీల్లేదన్నమాట. దీనికన్నా అన్యాయం ఏముంటుంది?

హైదరాబాద్ వాళ్ళకి ఈ బాధ బాగానే తెలుసు. 2009లో ఐపీఎల్ కప్పు గెలిచింది డెక్కన్ చార్జర్స్. 2012లో ఆ ఫ్రాంచైజీ రద్దయింది, 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. లెక్కల ప్రకారం సన్‌రైజర్స్ ఖాతాలో 2016 కప్పు ఒక్కటే ఉంటుంది. మరి 2009 కప్పు ఎవరిది? గిల్‌క్రిస్ట్, రోహిత్, ఆర్పీ సింగ్ ఆడిన ఆ సీజన్ ఏ ఊరి ఖాతాలోకి వెళ్ళాలి? ఉప్పల్లో కూర్చునే ఏ అభిమానినైనా అడగండి, ‘మనకి రెండు’ అంటాడు. అతని లెక్కే సరైనది. దాన్ని కాగితం మీద పెట్టే పద్ధతి మన దగ్గర లేదు. క్లీవ్‌లాండ్‌లో ఉంది.

ఇంకో ఊరు కూడా చెప్పాలి, బాల్టిమోర్. ఈ కథలో దొంగసొత్తు పుచ్చుకున్న ఊరిగా దాన్ని చూస్తారు. కానీ 1984 మార్చిలో ఒక రాత్రికి రాత్రే ట్రక్కులు పెట్టి ఓనర్ బాబ్ ఇర్సే వాళ్ళ కోల్ట్స్ టీమ్‌ని ఇండియానాపొలిస్‌కి తరలించేశాడు, పేరూ రికార్డులూ సహా. టీమ్‌కి ఒక బ్యాండ్ మేళం ఉండేది. వాళ్ళ దుస్తులు ఆ రాత్రి డ్రైక్లీనింగ్‌లో ఉండటం వల్ల ట్రక్కులకి చిక్కలేదు. ఆ బ్యాండు వాళ్ళు టీమ్ లేకుండానే పన్నెండేళ్ళు వాయించారు. ఊరేగింపుల్లో, ఇతర ఊళ్ళ స్టేడియాల్లో, చివరికి కొత్త స్టేడియం నిధుల కోసం రాష్ట్ర చట్టసభ ముందు కూడా. అలాంటి ఊరిని నేను తప్పుపట్టలేను. కోల్ట్స్ చరిత్ర బాల్టిమోర్‌లోనే ఉంచి ఉంటే, ఇండియానాపొలిస్ తన సొంత పేరుతో మొదలుపెట్టి ఉంటే, ఆ రెండు ఊళ్ళకీ మేలే జరిగేది. రేవెన్స్ అనే కొత్త పేరుతో బాల్టిమోర్ ఎంత చక్కగా నిలదొక్కుకుందో చూశాం కదా.

డబ్బు పెట్టి కొన్నవాడికి పేరు మీద హక్కు లేదంటే ఇక టీమ్‌లని ఎవరు కొంటారని అడిగేవాళ్ళకి ఒక లెక్క చెప్తాను. పేరూ చరిత్రా ఊరికి కట్టేసి ఉన్న బ్రౌన్స్‌ని 1998లో అల్ లర్నర్ 53 కోట్ల డాలర్లు పెట్టి కొన్నాడు. 2012లో జిమ్మీ హాస్లమ్ దాదాపు 100 కోట్లకి కొన్నాడు. ఆ షరతు వల్ల ధర పడిపోలేదు. నిజానికి ఆ ధరలో పెద్ద భాగం ఈ ఊరి అభిమానమే.

ఇప్పుడు నాకున్న బెంగ వేరే. 1996లోనే ఒహాయో ఇంకో చట్టం చేసింది, జనం దాన్ని మోడెల్ చట్టమనే అంటారు. ప్రజల డబ్బుతో నడిచే స్టేడియంలో ఆడే టీమ్ ఊరు వదలాలంటే నగరం అనుమతి తీసుకోవాలి. లేకపోతే ఆరు నెలల ముందు నోటీసిచ్చి, స్థానికులకి కొనుక్కునే అవకాశం ఇవ్వాలి. 2018లో రాష్ట్ర రాజధాని కొలంబస్‌లోని సాకర్ టీమ్ టెక్సస్‌కి పోబోతుంటే ఈ చట్టంతోనే కేసు వేశారు. కేసు నడుస్తుండగా కొత్త కొనుగోలుదారులు ముందుకొచ్చి టీమ్‌ని ఊళ్ళోనే ఉంచారు. వాళ్ళలో ముఖ్యులు హాస్లమ్ దంపతులు. అందుకు నాకు వాళ్ళంటే నిజంగా గౌరవం.

ఆ హాస్లమ్‌లే ఇప్పుడు బ్రౌన్స్‌ని క్లీవ్‌లాండ్ సరస్సు ఒడ్డు నుంచి బ్రూక్‌పార్క్‌కి తీసుకెళ్తున్నారు. విమానాశ్రయం పక్కన, ఒకప్పుడు ఫోర్డ్ ఫ్యాక్టరీలున్న స్థలంలో, పైకప్పుతో 240 కోట్ల డాలర్ల స్టేడియం అని లెక్క. నగరం మోడెల్ చట్టాన్ని పట్టుకుని అడ్డుకోబోతే, 2025లో రాష్ట్ర చట్టసభ బడ్జెట్‌లోనే ఆ చట్టాన్ని మార్చేసింది. ఇక ఒహాయో దాటి వెళ్ళే టీమ్‌లకే అది వర్తిస్తుంది. అదే బడ్జెట్‌లో స్టేడియానికి 60 కోట్ల డాలర్లు ఇచ్చింది. జనం మరిచిపోయి ప్రభుత్వం దగ్గర ఉండిపోయిన పాత డిపాజిట్లు, చెక్కుల సొమ్ము అది. అక్టోబర్‌లో మేయర్ జస్టిన్ బిబ్ దాదాపు 10 కోట్ల డాలర్లకి రాజీ పడ్డాడు, పాత స్టేడియం కూల్చే ఖర్చుతో కలిపి.

పన్నెండు మైళ్ళ దూరం బాల్టిమోర్ అంత దూరం కాదు, ఒప్పుకుంటాను. బ్రూక్‌పార్క్ కార్మికుల ఊరు, వాళ్ళూ తరతరాలుగా ఈ టీమ్ వెంట ఉన్నవాళ్ళే. మా వీధి పెద్దాయన పనిచేసి రిటైరైంది ఆ ఫోర్డ్ ప్లాంటులోనే, స్టేడియం వాళ్ళ పాత గేటు దగ్గరికి రావడం ఆయనకి సంతోషమే. నాకు కోపం తెప్పించేది ఆ చట్టాన్ని పలుచన చేసిన తీరు. ముప్ఫై ఏళ్ళ క్రితం జనం కన్నీళ్ళలోంచి పుట్టిన రక్షణని, ఒక ఓనర్‌కి అడ్డొస్తోందని, వందల పేజీల బడ్జెట్‌లో ఒక మూల మార్చేశారు. ఇలా ఒకసారి మార్చినవాళ్ళు ఇంకోసారి మార్చరని నమ్మకమేంటి?

రాష్ట్రం 60 కోట్లు ఇస్తున్నప్పుడు బదులుగా అడగాల్సినవి రెండు ఉన్నాయి. ఒకటి, టీమ్ ఎప్పుడు ఎవరి చేతికి మారినా క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ పేరు, రంగులు, 1946 నుంచి ఉన్న రికార్డులు ఈ ప్రాంతం దాటి పోవని, కొత్త స్టేడియం లీజులోనే స్పష్టంగా రాయించడం. రెండు, మోడెల్ చట్టాన్ని పాత రూపానికి తెచ్చి, పొరుగు ఊరికి మారినా పాత ఊరి మాట వినాల్సిందేనని చెప్పడం. బ్రౌన్స్ ఇప్పటి లీజు 2028 సీజన్‌తో ముగుస్తుంది. అప్పటిదాకా కొలంబస్‌లోని చట్టసభకి రెండుసార్లు ఎన్నికలు జరుగుతాయి. ఇక్కడ ఓటున్న మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. ఓటడగడానికి గుమ్మంలోకి వచ్చిన అభ్యర్థిని ఈ రెండింటి మీద నీ మాటేమిటని అడగండి, జవాబు తేల్చి చెప్పేదాకా వదలకండి.